ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటోందా? ముందు ఐపీ చూడండి

మ్యాక్ నుంచి ప్రింట్ వస్తుంది, పక్క సీటులోని విండోస్‌లో మాత్రం ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంది. టెన్షన్‌తో డ్రైవర్ తీసేసి మళ్లీ వేయకండి, పూటంతా పోతుంది. చాలాసార్లు కరెంటు పోయి వచ్చాక రౌటర్ ప్రింటర్‌కు కొత్త ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) ఇచ్చేసి ఉంటుంది. మ్యాక్ సాధారణంగా ప్రింటర్‌ను పేరుతో వెతుక్కుంటుంది, విండోస్‌లో పాత నంబరే ఉండిపోతుంది. మా దగ్గర 192.168.1.20 కాస్తా 192.168.1.34 అయింది.

ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల కాగితం తీసి, అందులోని ఐపీని విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ దగ్గరున్న నంబరుతో పోల్చండి. తేడా ఉంటే రౌటర్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి ఉండే గుర్తింపు కోడ్, యాపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు) ఒకే ఐపీ రిజర్వ్ చేసి, విండోస్‌లో ఆ నంబరుతో కొత్త టీసీపీ/ఐపీ పోర్ట్ పెట్టండి. లినక్స్ వాళ్లయితే బ్రౌజర్‌లో localhost:631 (ప్రింటర్ సెట్టింగుల పేజీ) తెరిచి మార్చుకోవచ్చు.