పురుగుల లెక్క – 3వ పాఠం: తెగులు లేని మడిలో పురుగు ఎందుకు ఎక్కువ?

గత పాఠంలో ఒక మడిలో పురుగుల్ని లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈసారి రెండు మడులు: ఒకదాంట్లో తెగులును తట్టుకునే రకం, రెండోదాంట్లో తట్టుకోలేని రకం. జన్యుమార్పిడి పంటల మాట వస్తే "ఆ పైరు మీద పురుగు ఎక్కువట" అంటుంటారు. ఎక్కువే ఉండొచ్చు. అది జన్యువు వల్లా, తెగులు లేకపోవడం వల్లా? ఈ రెంటినీ విడదీయడం రావాలి.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు గోధుమ నుంచే తీసిన పీఎం3బి అనే జన్యువును మరో గోధుమ రకంలోకి ఎక్కించారు. దాంతో ఆ మొక్క బూడిద తెగులును తట్టుకుంది. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ మొక్కల్నీ, జన్యువు లేని సోదర మొక్కల్నీ తీసుకుని రెండు జాతుల పేనుబంకను (ఆకు రసం పీల్చే చిన్న పురుగును) లెక్కపెట్టారు. బూడిద తెగులు ఉన్నచోట మెటోపోలోఫియం డిర్హోడం అనే జాతి తగ్గింది. రోపాలోసైఫం పాడి అనే జాతి మాత్రం తగ్గలేదు. కాబట్టి జన్యుమార్పిడి మొక్క మీద మొదటి జాతి ఎక్కువ కనిపిస్తే అది జన్యువు చేసిన పనే అనలేం. తెగులు పట్టని ఆకు దొరికింది, పేను పెరిగింది. తెగులు సంగతి రాసుకోకుండా పురుగుల్ని మాత్రమే లెక్కపెట్టినవాళ్లు ఇక్కడే తప్పుడు నిర్ణయానికి వస్తారు.

మన దేశంలో జన్యుమార్పిడి తిండిగింజల పంట ఏదీ ఇంకా రైతు పొలానికి రాలేదు. అందుకే సాధనకు హైదరాబాద్‌లోనే పుట్టిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తీసుకుందాం. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) కలిసి తయారుచేసిన ఈ రకం 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి కాదు, మార్కర్ల (కావలసిన జన్యువు ఏ మొక్కలో ఉందో చూపే డీఎన్ఏ ఆనవాళ్ల) సాయంతో చేసిన సంకరణం. ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జన్యువులు దీన్ని బాక్టీరియా ఎండాకు తెగులు నుంచి కాపాడతాయి. మిగతా గుణాల్లో దాదాపు పాత సాంబ మసూరే, అంటే బీపీటీ 5204. పోల్చి చూడటానికి ఇంత మంచి జంట అరుదు.

రెండు మడుల్లోనూ ఒకే రోజు నాటండి. యూరియా సమానంగా వేయండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు, ఎందుకంటే యూరియా ఇచ్చే నత్రజని ఎక్కువైన మడిలో సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) దానంతటదే పెరుగుతుంది, మీ పోలికంతా పాడవుతుంది. పొద్దున్నే గట్టు పక్క వరసలు వదిలేసి, మూల నుంచి మూలకు నడుస్తూ 20 దుబ్బులు చూడండి.

ప్రతి దుబ్బు దగ్గరా ముందు తెగులే రాయండి. ఎండాకు తెగులైతే ఆకు కొన నుంచి, అంచుల వెంట, అలల్లా వంకర గీతతో పసుపు రంగు కిందికి దిగుతుంది, తర్వాత గడ్డిలా ఎండుతుంది. ఎన్ని ఆకులకు అలా ఉందో రాశాక ముడుచుకున్న ఆకులు లెక్కపెట్టండి. ఒకదాన్ని విప్పితే లోపల పచ్చదనం గీకి తింటున్న ఆకుముడత పురుగు కనిపిస్తుంది. చివరికి దుబ్బును కొంచెం వంచి అరచేత్తో తట్టండి, నీళ్ల మీద పడ్డ సుడిదోమల్ని లెక్కపెట్టండి.

ఆకుముడత పురుగుకు పచ్చని ఆకు కావాలి. సుడిదోమ నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో రసం పీలుస్తుంది. తెగులేమో ఆకుల మీద. మరి రెండు పురుగుల లెక్కా ఒకే తీరుగా మారుతుందా? ముందే మీ అంచనా రాసుకుని తర్వాత మడిలోకి దిగండి.

ఒక లెక్క ఊహించుకుందాం. తెగులు పట్టిన పాత రకంలో దుబ్బుకు 2 ముడతలు, కొత్త రకంలో 5. సుడిదోమ రెండింట్లోనూ 8. "కొత్త రకం ఆకుముడతను ఆకర్షిస్తోంది" అని రాసేయకండి. ఇంకో జత మడులు కావాలి, అదే రెండు రకాలతో, ఎండాకు తెగులు రాని చోట. అక్కడ కూడా 2, 5 వస్తే తేడా రకంలో ఉందని అనుమానించవచ్చు. రెండింట్లోనూ 5 వస్తే, పాత రకంలో పురుగును తగ్గించింది తెగులే.

ఈ వారం పని: నాలుగు మడులకు నాలుగు గళ్లు గీసి, ఒక్కో గడిలో తెగులు, ముడత, సుడిదోమ మూడూ నింపండి. మడులు దొరక్కపోతే పై లెక్కకు తెగులు లేని రెండు గళ్లను మీరే రెండు విధాలుగా ఊహించి, ఏ అంకెలకు ఏ నిర్ణయం సరిపోతుందో రాయండి. 4వ పాఠంలో సాలీళ్లు, మిరిడ్ నల్లుల్లాంటి మిత్ర పురుగుల్ని ఈ గళ్లలోకి చేరుద్దాం.