పాకాల శిఖంలో సాయంత్రం నడకకు

నర్సంపేట దాటి పాకాల చెరువు దగ్గర గైడ్‌తో సాయంత్రం నడకకు వెళ్తున్నారా? చెప్పులు వద్దు, లేసులు బిగించి కట్టే పాత కాన్వాస్ బూట్లు వేసుకోండి. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి కట్ట మీద ఏ టెన్షనూ లేదు. శిఖంలోకి, అంటే నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు నేలలోకి దిగితేనే తంటా. తుంగ గడ్డి కింద నేల గట్టిగానే కనిపిస్తుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగబడొచ్చు. గైడ్ వేసిన అడుగులోనే అడుగు వేయండి.

కాలు ఇరుక్కుంటే నిటారుగా లాగొద్దు, బురద ఇంకా పట్టేస్తుంది. కొంచెం వెనక్కి వాలి, పాదాన్ని అటూ ఇటూ కదిలిస్తే సందులోకి నీళ్లు చేరి పట్టు వదులుతుంది. బూటు పోయినా పోనీండి.

టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుడితే చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరవు. ఓడోమాస్ మాత్రం బండి దిగకముందే రాసుకోండి. పొద్దుగూకితే దోమలు ఆగవు.