ఫోల్డింగ్ వర్క్‌బెంచ్ పైచెక్క పాడైందా? కొత్తది ఇలా వేసుకోండి

మడతపెట్టి మూలన పెట్టుకునే వర్క్‌బెంచ్‌లో ముందు పాడయ్యేవి పైనున్న రెండు పలకలే. కింద ఇనుప ఫ్రేము, తిప్పే హ్యాండిళ్లు, వాటి స్క్రూలు ఏళ్ల తరబడి బాగానే ఉంటాయి. చాలా బెంచీలకు కంపెనీ నుంచి వచ్చేది ఎండీఎఫ్ లేదా పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, దానికి నీళ్లంటే అస్సలు పడదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి బెంచీకి బాల్కనీ తప్ప వేరే చోటుండదు కదా, వానాకాలంలో జల్లు కొట్టినప్పుడల్లా అంచులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, ఒకసారి ఉబ్బిన ఎండీఎఫ్ ఎండినా మళ్లీ పాత మందానికి రాదు, బోల్టు బిగిస్తే చెక్క పొడిగా రాలుతుంది. అంతమాత్రానికి బెంచీని పాత ఇనుప సామాన్ల బండికి వేసేయకండి.

ఈ తరహా బెంచీని కనిపెట్టింది రాన్ హిక్‌మన్, లోటస్ ఎలాన్ కారును డిజైన్ చేసింది కూడా ఆయనే. పనిముట్ల కంపెనీ బ్లాక్ అండ్ డెక్కర్ దీన్ని వర్క్‌మేట్ పేరుతో 1970ల మొదట్లో తయారు చేయడం మొదలుపెట్టింది. ఇందులో అసలు తెలివి ఏంటంటే పైచెక్కే వైస్‌గా పనిచేస్తుంది, రెండు పలకలూ దగ్గరికి జరిగి వస్తువును పట్టుకుంటాయి. అందుకే కొత్త పలక అందంగా ఉందా లేదా అన్నది తర్వాత, లోపలి అంచు నిటారుగా ఉండాలి, బోల్టు దగ్గర పట్టు గట్టిగా ఉండాలి. మీ శ్రమంతా ఈ రెండింటి మీదే పెట్టండి.

చెక్క విషయానికొస్తే ప్లైవుడ్ తీసుకోండి. ఎంఆర్ గ్రేడ్ (తేమను మాత్రమే కొంత తట్టుకునేది) వద్దు, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని కూడా తట్టుకునే రకం) అయినా ఉండాలి, వాన తగిలే చోటైతే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. పాత పలక మందం ఉబ్బని చోట కొలిచి దానికి దగ్గరగా 18 లేదా 19 ఎంఎం ఎంచుకోండి, మరీ మందంగా వేస్తే బోల్టులు అందవు, కొన్ని బెంచీలు సరిగ్గా మడతపడవు. ఎనిమిదడుగుల షీటు మొత్తం కొనాల్సిన పని లేదు. మీ చుట్టుపక్కల ఏ ఫ్లాట్‌లోనైనా ఇంటీరియర్ పని జరుగుతుంటే కార్పెంటర్‌ని అడగండి, మిగిలిన ముక్కలుంటాయి, ఆయన మెషిన్ మీదే తిన్నగా కోసి ఇస్తే మీకు సగం పని తప్పినట్టే. పై పొర రేఖలు పలక పొడవునా వెళ్లేలా కోయించండి.

విప్పే ముందు బెంచీ కాళ్లు లాక్ చేసి, కింది నుంచి నాలుగైదు ఫొటోలు తీసుకోండి, ఏ వాషర్ ఎక్కడుందో తర్వాత గుర్తుండదు. తుప్పు పట్టిన బోల్టుల మీద రస్ట్ స్ప్రే కొట్టి కాసేపు ఆగి విప్పండి. వెనక పలక సాధారణంగా ఫ్రేముకి బిగించి ఉంటుంది, ముందుది స్క్రూల మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంది.

ఇప్పుడు రంధ్రాలు. ఇక్కడ తొందరపడొద్దు. పాత పలకను కొత్తదాని మీద పెట్టి గుర్తులు పెట్టేస్తే చాలనిపిస్తుంది, కానీ దాని అంచులు ఉబ్బి ఉంటాయి, రంధ్రాలు అరిగి కోలగా అయ్యుంటాయి, ఆ తేడా అంతా కొత్తదానికి ఎక్కుతుంది. దానికి బదులు కొత్త పలకను నేరుగా ఫ్రేము మీద పెట్టి, మూలమట్టంతో సరిచూసి, క్లాంపుతో పట్టించి, కింది నుంచి ఇనుములో ఉన్న రంధ్రాల గుండా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. డ్రిల్ చేసేటప్పుడు కింద ఒక పనికిరాని చెక్క ముక్క పెడితే ప్లై పొర పెచ్చులూడదు. వస్తువులు పట్టే పెగ్గుల కోసం వేసే పెద్ద రంధ్రాలకు పెగ్గునే కొలవండి, ముందు తుక్కు ముక్క మీద వేసి చూసి తర్వాతే పలక మీదికి వెళ్లండి. పైపులు పట్టుకోవడానికి పాత అంచులో వి ఆకారపు గాడి ఉంటే అది కూడా తీయించండి, చాలా పనికొస్తుంది.

బోల్టు కింది నుంచి వచ్చే రకమైతే చెక్కలోకి మామూలు స్క్రూలు దించొద్దు. టీ-నట్ (పళ్లతో చెక్కలో దిగి కూర్చునే నట్టు) వాడండి, సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగి చూడండి, పాత బోల్టు ఒకటి వెంట తీసుకెళ్తే మర సరిపోయేది ఇస్తారు. దాన్ని పలక పైవైపు నుంచి, నట్టు తల లోపలికి దిగేలా చిన్న గుంట తీసి కొట్టాలి. కింది వైపు నుంచి కొడితే బోల్టు బిగించే కొద్దీ అదే ఊడి వచ్చేస్తుంది. తల పైకి తేలి ఉంటే రంపం, ఉలి తగిలి పాడవుతాయి కాబట్టి చెక్క కంటే కొంచెం లోతుగానే ఉండాలి.

తర్వాత 120 నంబరు సాండ్ పేపర్, ఆ మీద 220తో రుద్ది పాలియురేతేన్ వార్నిష్ పూయండి. పైన నున్నగా ఉంటే చాలని అంచులు వదిలేస్తారు చాలామంది, నీళ్లు దూరేది సరిగ్గా అక్కడే. అంచులకు, రంధ్రాల లోపలికి మూడు కోట్లు, పైనా కిందా సమానంగా రెండేసి కోట్లు వేయండి, ఒక వైపే వేస్తే పలక వంగే అవకాశం ఉంది. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

బిగించడం వెనక పలకతో మొదలుపెట్టండి. ముందు పలక బోల్టుల్ని వదులుగా ఎక్కించి, రెండు హ్యాండిళ్లూ తిప్పి పలకలు ఒకదానికొకటి పూర్తిగా ఆనేలా చేసి, అప్పుడు కింద బోల్టులు బిగిస్తే పలకల లోపలి అంచులు సమాంతరంగా వస్తాయి. వైస్ స్క్రూలకు గ్రీజు వద్దు, రంపపు పొట్టు అంటుకుపోతుంది, కొవ్వొత్తి మైనం రుద్దితే సరిపోతుంది. బెంచీని ఒకసారి మడిచి ఎక్కడైనా తగులుతోందేమో చూడండి. కొన్ని వారాలు వాడాక చెక్క కొంచెం సర్దుకుంటుంది, అప్పుడు స్పానర్ పట్టుకుని బోల్టులన్నీ ఇంకోసారి బిగించండి.