యూత్ కూడికలో నోరు మెదపని కుర్రాడు: ముందు బైబిలు సంగతి చూడండి

సమస్య తెలిసిందే. పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాడు. ఆదివారం సాయంత్రం కూడికకి వస్తాడు, ఆఖరి చాప మీద గోడకి ఆనుకుంటాడు, ఆమేన్ కూడా పెదాలతోనే అంటాడు. "మా గుంటడు ఎవలితోనీ మాటాడడు బాబూ, మీరైనా సూడండి" అని వాళ్లమ్మ మనల్ని పట్టుకుంటుంది. మనం పై వారమే వాణ్ణి లేపి, దేవుడు నీకేం చేశాడో అందరికీ చెప్పు అని సాక్ష్యం చెప్పమంటాం. ఆ తర్వాతి వారం వాడు రాడు.

పేరు పెట్టి పలకరించడం, అందరి ముందూ "సిగ్గా?" అనకపోవడం లాంటివి మళ్లీ రాయను. ఎవరూ చూడనిది ఇది: వాడు బైబిలు తెస్తున్నాడా? వరసగా మూడు వారాలు "మర్చిపోయానన్నయ్యా" అంటే బద్ధకమని లెక్కేయకండి. తలా ఒక వచనం పైకి చదివే వంతు మొదలయ్యే వేళకి సరిగ్గా మంచినీళ్లకని లేస్తున్నాడా? అయితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పైకి చదవడం సరిగ్గా రాదు.

ఇది తెలుసుకోడానికి నేనొక కుర్రాణ్ణి పోగొట్టుకున్నాను. ఆమదాలవలస వైపు పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఆ రోజు దానియేలు మూడో అధ్యాయం, తలా ఒక వచనం. మొదటివాడు చదువుతుంటే వీడు వినడం లేదు. తన వంతుకొచ్చే మూడో వచనం మీద గోరు పెట్టి పెదాలు కదుపుతున్నాడు. సేనాధిపతులు దాటాడు, సంస్థానాధిపతులు దాటాడు, 'ధర్మశాస్త్రవిధాయకులు' దగ్గర ఆగిపోయాడు. ఎవడో కిసుక్కుమన్నాడు. నేను పెద్ద మొనగాణ్ణి కదా, "పదో తరగతి చదువుతూ తెలుగు చదవలేవురా?" అన్నాను. ఆ సైకిలు మళ్లీ చర్చి ముందు వేపచెట్టు కింద కనబడలేదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగు కూడబలుక్కోవడమే గండం. తెలుగు మీడియం వాళ్లకీ మన పాత అనువాదం కొరకరాని కొయ్యే. ఇంట్లో "ఏటి సేస్తన్నావు" అనేవాడికి "ఏమి చేయుచున్నావు" పరాయి భాషలానే ఉంటుంది.

వంతుల చదువు ఆపేయండి, ఇష్టమున్నవాళ్లే చదవనీయండి. వాడికి శుక్రవారమే రెండు చిన్న వచనాలు, మీరు చదివిన ఆడియోతో వాట్సాప్‌లో పంపండి. వాళ్లమ్మకి చెప్పి పంపండి. ఆదివారం చదువుతావా అని అడగండి, వద్దంటే వదిలేయండి. నాకు ఒక్కొక్కడితో నాలుగైదు వారాలు పట్టింది.

ఈలోగా చేతికి పనివ్వండి: మైకు వైర్లు, చాపలు, డిసెంబరొస్తే స్టార్ కట్టడం. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు నాన్నా" అంటే ఏమీ రాదు. ఒకడు యాంప్లిఫయర్ వెనక దూరి, నా మొహం కనబడని చోటినుంచి, "నాన్న సెన్నై నుంచి ఫోన్ సేసి రెండు నెల్లయిపోనాది అన్నయ్యా" అన్నాడు. "ఆ టేపిలా ఇవ్వు" అన్నాను. మిగతాదంతా వాడే చెప్పుకొచ్చాడు. ఇవన్నీ తలుపులు తీసున్న హాల్లోనే, ఇంకో పెద్దమనిషి కంటికి ఆనేంత దూరంలోనే.

ఇక చిల్లర కారణాలు. పాటల్లో మాత్రమే నోరు మూస్తే గొంతు మారుతోందన్నమాట, కంజిర చేతికివ్వండి. నత్తి అయితే మధ్యలో మాట అందివ్వకండి. నిర్గమకాండం 4:10 ప్రకారం మోషేదీ నోటి మాంద్యమే. అమ్మాయిలున్నారని సిగ్గంటారా, అది జబ్బు కాదు. బడి మానేసి, తిండి మానేసి, బతకాలని లేదంటుంటే మాత్రం ప్రార్థనతో సరిపెట్టకండి. ఇంట్లోవాళ్లకి ఆ రోజే చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416.

వంతుల చదువు ఆపడానికి పాస్టరు అయ్యగారు ఒప్పుకోకపోతే వాడి పక్కనే కూర్చోండి. వంతు వాడి దాకా వచ్చేసరికి మీ వచనంతో పాటు తర్వాతిదీ కలిపి చదివేయండి. ఎవరూ గమనించరు, వాడు తప్ప.