పెంపుడు జంతువుకు ఆపరేషన్: ముందుగా చూసుకోవాల్సినవి

డాక్టరు చెప్పిన వేళ దాటాక కుక్కకు గానీ పిల్లికి గానీ ఒక్క బిస్కెట్ కూడా పెట్టకూడదు; మత్తులో ఉండగా వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున ఏదైనా తింటే దాచకుండా చెప్పండి, వాయిదా వేసుకోవడమే మేలు.

కుందేలు వాంతి చేసుకోలేదు, పైగా మేత ఆగితే దాని పేగుల కదలిక మందగిస్తుంది, కాబట్టి దానిని పస్తు ఉంచకూడదు.

వాడుతున్న మందులన్నీ ముందే చెప్పండి.

ఆసుపత్రి జాబితాలోని అదనపు సేవల్లో ముందుగా రక్తపరీక్షను ఎంచుకోండి, ఎందుకంటే మత్తుమందులు చాలావరకు కాలేయం, మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే గోళ్లు కత్తిరించడం వంటివి మానుకోవచ్చు.

నొప్పి మందు ఐచ్ఛికమని రాసి ఉన్నా తీసుకోండి. దాని బదులు ఇంట్లో ఉండే పారాసెటమాల్ వేయకండి, అది పిల్లికి ప్రాణాంతకం.