ఇంజన్ డ్యాంపర్ పెట్టాక వచ్చిన వణుకు ఎలా పోయిందంటే

గేర్ మార్చినప్పుడల్లా ఇంజన్ ఊగుతోందని బయట కొన్న డ్యాంపర్ (ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండి ఊపును అణిచే, షాక్ అబ్జార్బర్ లాంటిది) బిగించాను. ఊపు తగ్గింది కానీ, ఐడిల్‌లో స్టీరింగ్, డాష్‌బోర్డు వణకడం మొదలైంది. బోల్టులు మరింత బిగించాను, బుష్‌లు మార్చాను, ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంట్లు చూపించాను, ఫలితం లేదు.

అసలు తప్పు డ్యాంపర్ పొడవులో ఉంది. దాని రాడ్ దాదాపు పూర్తిగా లోపలికి పోయి, చివర తగులుతోంది. ఇక అది డ్యాంపర్‌లా కాదు, ఇనుప కడ్డీలా వణుకంతా బాడీకి చేరవేస్తోంది.

చదునైన చోట బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ చల్లారనిచ్చాను. ఒక వైపు బోల్టు తీసి, ఇంజన్‌ని చేత్తో కాస్త ఊపి, దానంతటదే కుదురుకునేదాకా ఆగాను. రాడ్‌ని మొత్తం కదలికలో సగం దగ్గర పట్టుకుని, రంధ్రాలు ఎదురెదురుగా వచ్చేవరకు చివరి ముక్కను తిప్పాను. బోల్టు వేళ్లతోనే దూరాలి, ముఖ్యం అదే! తర్వాత లాక్ నట్, ఆపైన బోల్టులు బిగించాను. డ్యాంపర్ గట్టిదనం మార్చే నాబ్‌ని పూర్తి మెత్తదనం నుంచి ఒక్కో క్లిక్కే పెంచుతూ నడిపి చూశాను. మూడో క్లిక్‌కి వణుకు తిరిగొచ్చింది, రెండు దగ్గర ఆపేశాను.

నాది అడ్డంగా అమర్చిన ఇంజన్, గ్యాస్ లేని డ్యాంపర్. గ్యాస్ రకమైతే రాడ్ దానంతటదే బయటికి తోసుకొస్తుంది కాబట్టి ఈ లెక్క సరిపోకపోవచ్చు. మౌంట్ చిరిగి ఉంటే మాత్రం ముందు అది మార్చండి.