ఒకే షీటులో వేర్వేరు స్కేళ్లు: ఆటోక్యాడ్‌లో ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

200 గజాల స్థలం. వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు. ఇంటి ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ 1:100లో కావాలి. రోడ్డుతో కలిపి సైట్ ప్లాన్ 1:200లో, మెట్ల వివరం 1:20లో కావాలి. ఇవన్నీ ఒక్క ఏ2 కాగితం మీదికి రావాలి. డ్రాఫ్టింగ్ నేర్చుకున్న ప్రతివారికీ మొదటి ఏడాదిలోనే ఈ పని ఎదురవుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

కింద చెప్పిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే. మోడల్ స్పేస్‌లో, అంటే బొమ్మ గీసే చోట, ఇల్లు ఒక్కసారే, అసలు కొలతలతో ఉండాలి. స్కేలు అనేది లేఅవుట్‌లో, అంటే ప్రింటుకు వెళ్లే షీటును అమర్చే చోట, మనం తెరిచే కిటికీకి, అంటే వ్యూపోర్టుకు చెందిన లక్షణం. 1990లో వచ్చిన ఆటోక్యాడ్ రిలీజ్ 11 నుంచి ఈ కాగితపు చోటు, అంటే పేపర్ స్పేస్, అందుబాటులో ఉంది. అయినా మోడల్‌లోనే బొమ్మను పెంచి, తగ్గించి షీటు తయారుచేసే అలవాటు ఇంకా పోలేదు.

మెట్ల వెడల్పు 1000 ఉండాల్సింది, 5000 చూపిస్తోంది

ఎవరో మోడల్ స్పేస్‌లోనే షీటు అంచును వంద రెట్లు పెంచి గీశారు. మెట్లు 1:20లో కనిపించాలని, వాటి నకలు తీసి స్కేల్ ఆదేశంతో ఐదు రెట్లు పెంచారు. ఇప్పుడు ఆ మెట్టు నిజంగానే 5000 మిల్లీమీటర్ల పొడవుంది. కొలత తనకు కనిపించినదాన్నే చెబుతోంది.

చాలామంది అప్పుడు ఆ అంకె మీద రెండుసార్లు నొక్కి 1000 అని టైపు చేస్తారు. దయచేసి ఈ పని మాత్రం చేయవద్దు. రేపు వెడల్పు 1200కు మారినా ఆ అంకె 1000గానే ఉండిపోతుంది. కాగితాన్ని నమ్మి షట్టరింగ్ కొట్టే మేస్త్రికి ఆ అంకెను చేత్తో టైపు చేశారని తెలిసే దారి లేదు. కొందరు కొలత అంకెను గుణించే డిమ్‌ఎల్‌ఫాక్ విలువను 0.2 చేస్తారు. అప్పుడు కొలత సరిగానే వస్తుంది, కానీ ఫైలులో మెట్లు రెండుచోట్ల ఉంటాయి. ప్లాన్‌లో మెట్టు మీద కాలు పెట్టే భాగం (ట్రెడ్) 250 నుంచి 275కు మారితే, పెంచిన నకలులో అది మారదు. పాత ఫైలును ఈ రోజే ఇచ్చి తీరాలన్నప్పుడు మాత్రమే, ఆ కొలతలకు విడిగా ఒక డైమెన్షన్ స్టైల్ పెట్టి ఈ దారి పట్టవచ్చు. కొత్త పనిలో దీనికి చోటు లేదు.

సరైన పరిష్కారం ఇది. పెంచిన నకలును తీసేయండి. అదనపు వివరాలు ఆ నకలులోనే గీసి ఉంటే, దాన్ని 0.2తో తగ్గించి అసలు కొలతకు తెచ్చి, డిమ్‌ఎల్‌ఫాక్‌ను మళ్లీ 1 చేయండి. చేత్తో టైపు చేసిన అంకెలు ఉంటే, ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడిని ఖాళీ చేయండి. తరువాత లేఅవుట్‌కు వెళ్లి కాగితాన్ని ఏ2గా పెట్టి, 594 × 420 మిల్లీమీటర్ల కాగితానికి సరిపడే అంచును ఒకటికి ఒకటిగా గీయండి. ఎంవ్యూ ఆదేశంతో ప్లాన్‌కు ఒకటి, సైట్‌కు ఒకటి, మెట్లకు ఒకటి చొప్పున వ్యూపోర్టులు తెరవండి. వ్యూపోర్టు అంచును ఎంచుకుని, కింది పట్టీలోని జాబితాలో దాని స్కేలు పెట్టండి. మన 30 × 60 అడుగుల స్థలం 1:100లో సుమారు 91 × 183 మిల్లీమీటర్లే తీసుకుంటుంది కాబట్టి, ఏ2లో రెండు అంతస్తుల ప్లాన్లు పక్కపక్కన పెట్టినా చోటు మిగులుతుంది.

మూడు వ్యూపోర్టులూ చూపించేది ఒకే ఇంటిని. మోడల్‌లో తలుపు ఒకచోట జరిపితే మూడింటిలోనూ జరుగుతుంది.

1:100 ఎంచుకోగానే ఇల్లు చుక్కంత అయిపోయింది

మన దగ్గర ఈ సమస్య ఎక్కువ. ఒకరు మీటర్లలో గీస్తారు, ఒకరు అడుగుల్లో, మరొకరు అంగుళాల్లో. కాగితం మాత్రం మిల్లీమీటర్లలో ఉంటుంది. జాబితాలోని 1:100కు అర్థం, కాగితం మీద ఒక యూనిట్‌కు మోడల్‌లో వంద యూనిట్లు అని మాత్రమే. యూనిట్ పేరు ఏమిటో వ్యూపోర్టు పట్టించుకోదు. మీటర్లలో గీసిన ఇంటికి ఇదే పెడితే, కాగితం మీది ఒక మిల్లీమీటరులో వంద మీటర్లు ఇరుక్కుంటాయి.

కాగితం మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు 1:100కు నిజమైన గుణకాలు ఇవి:

మోడల్ మిల్లీమీటర్లలో ఉంటే 0.01
మోడల్ మీటర్లలో ఉంటే 10
మోడల్ అంగుళాల్లో ఉంటే 0.254
మోడల్ అడుగుల్లో ఉంటే 3.048

వేరే స్కేలు కావాలంటే ఒక యూనిట్‌లో ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చూసి, ఆ సంఖ్యను స్కేలుతో భాగించాలి. మీటర్ల మోడల్‌లో 1:20కి 1000ని 20తో భాగిస్తే 50 వస్తుంది, 1:200కు 5 వస్తుంది. వ్యూపోర్టులోకి వెళ్లి జూమ్ ఆదేశం ఇచ్చి, ఆ సంఖ్య పక్కనే ఎక్స్‌పీ అని చేర్చితే స్కేలు కుదురుతుంది.

అయితే నా సలహా, ఈ స్కేళ్లను జాబితాలోనే చేర్చుకోండి. స్కేల్‌లిస్ట్‌ఎడిట్ ఆదేశంలో 'మీటర్లు 1:100' అని పేరు పెట్టి, పేపర్ యూనిట్లు 10, డ్రాయింగ్ యూనిట్లు 1 అని ఇవ్వండి. జూమ్‌తో పెట్టిన స్కేలు బొమ్మకు మాత్రమే వర్తిస్తుంది. జాబితా నుంచి ఎంచుకుంటే అక్షరాల స్కేలు కూడా దానితో పాటే మారుతుంది. ఇది ఎందుకు ముఖ్యమో కింద వస్తుంది.

నిన్న సరిగా ఉన్న స్కేలు ఈ రోజు తప్పింది

వ్యూపోర్టు లోపల ఉండగా మౌసు చక్రం తిప్పారు. అంతే. కంటికి పెద్ద తేడా తెలియదు, కానీ 1:100 కాస్తా 1:97 అయి కూర్చుంటుంది. అంచును ఎంచుకుని ప్రాపర్టీస్‌లో స్కేలు చూడండి. జాబితాలో లేని సంఖ్య కనిపిస్తే కారణం ఇదే. స్కేలు తిరిగి పెట్టి, డిస్‌ప్లే లాక్డ్ అన్నచోట అవును అని ఎంచుకోండి. స్కేలు పెట్టడం, తాళం వేయడం ఒకే పని అన్నంతగా చేతికి అలవాటు కావాలి. లోపల ఏదైనా దిద్దాలంటే వీపీమాక్స్ ఆదేశంతో వ్యూపోర్టును తెర నిండా తెరవండి. అక్కడ ఎంత జూమ్ చేసినా, వీపీమిన్‌తో తిరిగి వచ్చేసరికి స్కేలు చెక్కుచెదరదు.

ఒక వ్యూపోర్టులో అక్షరాలు పెద్దవి, ఇంకోదానిలో కనిపించనంత చిన్నవి

కాగితం మీద అక్షరం ఎత్తు 2.5 మిల్లీమీటర్లు కావాలంటే, మిల్లీమీటర్ల మోడల్‌లో 1:100కు 250 ఉండాలి, 1:20కి 50 చాలు. ఒకే ఎత్తుతో రాసిన గది పేరు రెండు వ్యూపోర్టుల్లోనూ కనిపిస్తే, ఒకచోట అది తప్పక ఐదు రెట్లు ఉంటుంది.

ఆటోక్యాడ్ 2008తో వచ్చిన అనొటేటివ్ సదుపాయం దీనికోసమే. టెక్స్ట్ స్టైల్, డైమెన్షన్ స్టైల్ రెండింటినీ అనొటేటివ్‌గా మార్చి, ఎత్తు 2.5 అని ఒకేసారి చెబితే సరిపోతుంది. ఆ అక్షరాలకు ఏయే స్కేళ్లు కావాలో జతచేయాలి. 1:100 మాత్రమే జతచేసిన అక్షరం 1:20 వ్యూపోర్టులో అసలు కనిపించదు.

అక్షరాలు మాయమయ్యాయని చాలామంది కంగారుపడేది ఇక్కడే. అవి ఎక్కడికీ పోలేదు. ఆ అక్షరాలను ఎంచుకుని, కుడి మీట నొక్కి, ఆ వ్యూపోర్టు స్కేలును చేర్చండి. స్కేలు జతచేసే ఉన్నా కనిపించకపోతే, వ్యూపోర్టు స్కేలు ఒకటి, దాని అక్షరాల స్కేలు మరొకటి అయి ఉంటాయి. జూమ్‌తో స్కేలు పెట్టినప్పుడు వచ్చే ఇబ్బంది ఇదే.

కొలతలను మోడల్‌లో కాకుండా పేపర్ స్పేస్‌లోనే వేసేవారూ ఉన్నారు. అదీ మంచి పద్ధతే, ఎత్తుల లెక్క అక్కరలేదు. కానీ 3000 రావాల్సిన చోట 30 వస్తే, కొలతను బొమ్మకు ముడిపెట్టే డిమ్‌అసోక్ విలువ 2 ఉందో లేదో చూసుకోండి. అది 2 కాకపోతే కొలత కాగితం మీది దూరాన్నే చెబుతుంది.

చుక్కల గీత ఒకచోట నిండు గీతలా కనిపిస్తోంది

మోడల్‌లో షీటు వేసిన రోజుల్లో, గీతలోని ముక్కలను పెంచి తగ్గించే ఎల్‌టీస్కేల్‌ను 100 చేసి అలాగే వదిలేశారు. లేఅవుట్‌లో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1గా ఉంటే గీతలోని ముక్కల పొడవు కాగితం లెక్కన వస్తుంది. 6.35 మిల్లీమీటర్ల ముక్క వంద రెట్లయితే 635 మిల్లీమీటర్లు, అంటే ఏ2 కాగితం పొడవు కన్నా ఎక్కువ. ఇక చుక్కలు ఎక్కడ కనిపిస్తాయి? ఎల్‌టీస్కేల్ 1 లేదా 0.5, పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ 1 పెట్టి, బొమ్మను మళ్లీ గీయించే రీజెన్‌ఆల్ ఆదేశం ఇవ్వండి. అన్ని వ్యూపోర్టుల్లోనూ చుక్కలు ఒకే పొడవులో వస్తాయి.

మెట్ల వివరాల గీతలు 1:100 ప్లాన్‌లో నల్లటి ముద్దలా పడుతున్నాయి

రెయిలింగు, నోసింగు (మెట్టు ముందు అంచు) వంటి వివరాలను విడి లేయర్‌లో పెట్టండి. 1:100 వ్యూపోర్టు లోపలికి వెళ్లి, లేయర్ల పట్టికలో వీపీ ఫ్రీజ్ అన్న నిలువు వరుసలో ఆ లేయర్‌ను ఆపండి. మామూలు ఫ్రీజ్ నొక్కితే 1:20లో కూడా పోతుంది.

తెర మీద అంతా సరే, కాగితం మీద కొలిస్తే తప్పు

ప్లాట్ పెట్టెలో ఫిట్ టు పేపర్ అన్నది ఎంపికై ఉంటుంది. దాన్ని తీసేయండి. ఏమి ప్లాట్ చేయాలన్నచోట లేఅవుట్, స్కేలు 1:1. లేఅవుట్‌కు మరో స్కేలు ఉండకూడదు.

పీడీఎఫ్ ఇచ్చాక కూడా ప్రమాదం ఉంది. ప్రింటు తీసే దుకాణంలో ఏ2 షీటును ఏ3లో తీస్తే బొమ్మ 0.707 వంతుకు తగ్గుతుంది, 1:100 సుమారు 1:141 అవుతుంది. 3.6 మీటర్ల గది కాగితం మీద 36 మిల్లీమీటర్లు ఉండాల్సింది 25.5 వస్తుంది. మేస్త్రి స్కేలు పెట్టి చూస్తే అది 2.55 మీటర్ల గది. ఇలా కుదించిన షీటు ఒకటి నేను పనిచేసిన ఒకచోట సైటు దాకా వెళ్లింది. గోడకు దారం కట్టే సమయంలో కొలత పొసగక ఆగింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ప్రతి షీటు అడుగున సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి, దాని పొడవు పక్కనే రాస్తున్నాను. ప్రతి బొమ్మ కింద మీటర్లు గుర్తించిన కొలత పట్టీ కూడా పెడుతున్నాను. కాగితం కుదించినా పట్టీ బొమ్మతో పాటే కుదించుకుపోతుంది కాబట్టి, దానితో కొలిచినవాడు మోసపోడు.

స్కేలు ఎక్కడ రాయాలన్నదానికి ఐఎస్ఓ 5455 ప్రమాణంలో నియమం ఉంది. ప్రధానమైన స్కేలు ఒక్కటే టైటిల్ బ్లాకులో, మిగిలినవి ఆయా వివరాల పక్కన రాయాలి. మన షీటులో టైటిల్ బ్లాకులో 1:100, మెట్ల పేరు పక్కన 1:20, సైట్ పేరు పక్కన 1:200 ఉండాలి.

వ్యూపోర్టుల పెట్టె గీతలు ప్రింటులో పడుతుంటే, వాటన్నిటినీ ఒక విడి లేయర్‌లోకి మార్చి ఆ లేయర్ ప్లాట్ గుర్తును ఆపేయండి. గీతలు తెర మీద ఉంటాయి, కాగితం మీదికి రావు.